తాలిబన్లకు గుర్తింపు తగదు

ఆరో తరగతి దాటాక ఆడపిల్లను బడి గడప తొక్కనివ్వని దేశం ప్రపంచంలో ఒక్క అఫ్గానిస్థాన్ మాత్రమే. 2021 ఆగస్టు 15న కాబూల్‌ను చేజిక్కించుకున్న తాలిబన్లు మరుసటి నెలలోనే ఈ నిషేధం మొదలుపెట్టారు. 2022 డిసెంబరులో దాన్ని విశ్వవిద్యాలయాలకు విస్తరించారు. 2024 చివర్లో నర్సింగ్, మంత్రసాని శిక్షణ తరగతులనూ మూయించారు. స్త్రీలకు పురుషులు వైద్యం చేయడంపై ఎన్నో ఆంక్షలున్న చోట, పురుడు పోయడం నేర్చిన స్త్రీలు కూడా లేకుండా చేయడమంటే తల్లుల ప్రాణాలు తీయడమే. ఇంతకన్నా క్రూరమైన ఉత్తర్వు మరొకటి ఊహించలేం.

ఇలాంటి పాలనను 2025 జులైలో రష్యా అధికారికంగా గుర్తించింది. తొలిగా ఆ పని చేసిన దేశం అదే. కొద్ది రోజులకే అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానం తాలిబన్ అధినేత హిబతుల్లా అఖుంద్‌జాదాపై, ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీం హక్కానీపై అరెస్టు వారెంట్లు జారీ చేసింది. స్త్రీలను, బాలికలను పీడించడం మానవాళిపై నేరమన్నది అభియోగం.

2025 అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తాకీ ఢిల్లీ వచ్చినప్పుడు, కాబూల్‌లోని సాంకేతిక బృందాన్ని రాయబార కార్యాలయ స్థాయికి పెంచుతున్నట్టు భారత్ ప్రకటించింది. దానికి మా అభ్యంతరం లేదు. భూకంప బాధితులకు మందులు, ఆకలితో ఉన్నవారికి ధాన్యం చేరాలంటే అక్కడ మన మనుషులు ఉండాలి. కానీ మాట్లాడటం వేరు, ఆ ప్రభుత్వానికి న్యాయబద్ధత కట్టబెట్టడం వేరు. ఆ పర్యటనలోనే ముత్తాకీ తొలి విలేకరుల సమావేశానికి మహిళా పాత్రికేయులను పిలవలేదు. దేశమంతా నిరసన రేగాక, రెండు రోజులకే మరో సమావేశం పెట్టి వారిని కూర్చోబెట్టారు. తమకు అవసరమున్న చోట తాలిబన్లు దిగివస్తారని దీనితో తేలింది. వారికి అన్నింటికన్నా అవసరమైనది గుర్తింపే.

నాలుగేళ్లకు పైగా నిరాకరించి సాధించిందేమిటన్న ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. బడులు తెరుచుకోలేదు, నిజమే. ఇచ్చేస్తే తెరుచుకుంటాయన్న హామీ మాత్రం ఎక్కడుంది? విదేశాల్లో స్తంభింపజేసిన నిధులు, బ్యాంకు లావాదేవీల చిక్కులు సామాన్యులను బాధిస్తున్నాయి. వాటిని గుర్తింపుతో ముడిపెట్టకుండానే సడలించవచ్చు, సడలించాలి కూడా. జాతివివక్షకు నిరసనగా 1946లో దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకున్న తొలి దేశం మనదే. అప్పటికి మనకు స్వాతంత్ర్యమే రాలేదు. అక్కడ అందరికీ ఓటు దక్కడానికి 1994 దాకా పట్టింది. ఫలితం ఆలస్యమైందని భారత్ ఆ పట్టు సడలించలేదు.

బాలికల ఉన్నత పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు, వైద్య శిక్షణ కేంద్రాలు తెరిచేదాకా గుర్తింపు ఊసే ఎత్తబోమని ఢిల్లీ బహిరంగంగా చెప్పాలి. ఐక్యరాజ్య సమితిలో అఫ్గానిస్థాన్ స్థానాన్ని తాలిబన్లకు అప్పగించే ప్రయత్నాన్ని వ్యతిరేకించాలి. 2021 ఆగస్టులో అఫ్గాన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలను రద్దు చేసింది మన ప్రభుత్వమే. చదువుకోవడానికి ఇక్కడికి రావాలనుకునే అఫ్గాన్ యువతులకు ఇప్పుడు ఉపకారవేతనాలతో పాటు వీసాలూ జాప్యం లేకుండా ఇవ్వాలి.