కేసులెన్ని అని అడుగుతరు, కేసు ఎట్లుందని అడుగరు

బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్లను పై నుంచి అడిగే ప్రశ్నలు మూడే. ఎన్ని బాల్యవివాహాలు ఆపిన్రు? ఆపరేషన్ స్మైల్‌లో పనుల్ల, రోడ్ల మీద దొరికిన పిల్లల్ని ఎంతమందిని తెచ్చిన్రు? ఫొటోలు గ్రూపుల పెట్టిన్రా? పిల్లల ముఖాలు బయటికి పొక్కితే జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ఉందని పెట్టమన్నోళ్లకు గుర్తుండదు, అది వేరే సంగతి.

కావాల్సింది రెండు వారాలకోసారి ఒక గంట, సీనియర్ ఒకరు సోషల్ వర్కర్ తోని కూర్చొని కేసుల మీద మాట్లాడే గంట. తలుపేసుకొని, ఫోన్లు పక్కకు పెట్టి. అన్ని ఫైళ్లు కాదు, రెండు చాలు. "పాపతో విడిగ ఎంతసేపు మాట్లాడినవ్? ఇంట్ల ఇంకెవరుంటరు? తిరిగి ఇంటికే పంపొచ్చని ఎందుకు రాసినవ్?" అర్ధగంట ఇట్ల పోవాలె.

ఫారం 22 చూడున్రి, అంటే సామాజిక విచారణ నివేదిక. "ఆర్థిక పరిస్థితి అంతంతమాత్రం, తల్లిదండ్రులు తీసుకపోవడానికి సుముఖం" అని ఒకే వాక్యం వరుసగ మూడు ఫైళ్లలో కనబడ్డదంటే వెంటనే సోమరితనం అనుకోవద్దు. పోక్సో కేసులు, అంటే పిల్లల మీద లైంగిక దాడుల కేసులు, ఒకదాని మీద ఒకటి విన్న మనిషి తర్వాత వచ్చిన బిడ్డను లోతుగ అడగడానికి జంకుతది. తక్కువ అడుగుతది, తక్కువ రాస్తది. ఆ కాయితం చూసే బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ఆర్డర్ ఇస్తది, బిడ్డ మళ్లా అదే ఇంటికి పోతది. దీనికి మందు మెమో కాదు. కొన్ని వారాలు కొత్త పోక్సో కేసు ఆమెకు ఇయ్యొద్దు, విచారణకు ఇంకొకర్ని జతగ పంపాలె.

తర్వాత పావుగంట ఫీల్డు భద్రత. పెండ్లి ఆపే రోజు పోలీసులుంటరు. వారం తర్వాత ఫాలోఅప్‌కు అదే ఇంటికి, ములుగు దిక్కు ఏదో తండాకు, ఒక్కతే బస్సెక్కి పోవాలె. తోడు ఎవరు, బండి ఏది, పొద్దుమూకేసరికి తిరిగొచ్చిందని ఎవరికి చెప్పాలె? ఇవి ముందే ఖాయం కావాలె. మిగిలిన టైం మనిషి గురించి: నిద్ర పడుతుందా, ఇంట్ల పిల్లల మీద అరుస్తుందా. బాగలేదంటే మానసిక ఆరోగ్యానికి సర్కారు హెల్ప్ లైన్ టెలి మానస్ 14416 ఉంది, కాని ఆ నంబరు ఇచ్చి చేతులు దులుపుకుంటే కాదు. ఏడాదికోసారి యోగా క్లాసు పెట్టి ఫొటో దిగుడు అసలే కాదు.

అసలు చిక్కు ఎవరు కూర్చోవాలె అన్నదే. ఎక్కువ పోస్టులు కాంట్రాక్టువి. రెన్యువల్ సంతకం పెట్టే సారు ముందర "నాకు భయమైతుంది" అని ఎవరంటరు? హనుమకొండ, వరంగల్ రెండు జిల్లాలైనా ఊరు ఒకటే. ఇక్కడి సీనియర్ అక్కడోళ్లతో, అక్కడి సీనియర్ ఇక్కడోళ్లతో కూర్చుంటే పైసా ఖర్చు లేదు. కేసు మీద తీసుకున్న నిర్ణయం ఫైల్‌లకు పోవాలె, మనిషి చెప్పుకున్న బాధ పోవద్దు. మాట్లాడేటప్పుడు బిడ్డ పేరు కాదు, కేసు నంబరే.

మంత్రి పర్యటన ఉందని ఆ గంట రద్దు చేస్తే అదే వారంల ఇంకో రోజు పెట్టాలె. వరుసగ రెండుసార్లు తప్పితే కలెక్టర్ రివ్యూల అడగాల్సిన ప్రశ్న అదీ: గంట ఎందుకు కాలేదు?