ఖాళీ గడి

(2024 నవంబర్ 3, ఆదివారం. అమెరికా అధ్యక్ష ఎన్నికకి ఇంకా రెండు రోజులే ఉంది. మిషిగన్ రాష్ట్రం, మన జిల్లాలాంటి మకోంబ్ కౌంటీ, స్టెర్లింగ్ హైట్స్‌లో ఒక తెలుగువాళ్ళ ఇల్లు. దీపావళి చేగోడీలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. బాబాయ్ పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. అన్న కూతురు మాధవిది పక్కనున్న వేన్ కౌంటీ. నెల రోజులుగా డెమోక్రాట్ అభ్యర్థి కమలా హారిస్ తరఫున ఇల్లిల్లూ తిరుగుతోంది. ఇవాళ కాళ్ళు పీకుతుంటే ఇక్కడ ఆగింది. ఆమె షూ విప్పకముందే వాదన మొదలైంది.)

బాబాయ్: ఇవాళ ఎంతమంది మనసు మార్చావు తల్లీ?

మాధవి: ఒక్కరిదీ లేదు బాబాయ్. అసలు నేను మార్చడానికి తిరగట్లేదు. నలభై తలుపులు తడితే ముప్పై తెరుచుకోలేదు. డోర్‌బెల్ కెమెరాలో నా మొహం చూసి లోపలే ఉండిపోయారు. ఇదిగో ఈ యాప్ చూడు. ఒక్కో పేరు కిందా గట్టి మద్దతు, కొంచెం మొగ్గు, తేల్చుకోలేదు, వ్యతిరేకం, ఇంట్లో లేరు అని బటన్లు ఉంటాయి. ఆ చివరి బటన్ నొక్కీ నొక్కీ బొటనవేలు అరిగిపోయింది.

బాబాయ్: మరి మార్చనప్పుడు తిరగడం దేనికి?

మాధవి: మనవాళ్ళని ఇంట్లోంచి బయటికి లాగడానికి. తెనాలిలో నువ్వూ నాన్నా పోలింగ్ బూత్ బయట టేబుల్ వేసుకుని, ఓటేసినవాళ్ళ పేర్లకి టిక్కులు కొట్టి, రానివాళ్ళ కోసం ఆటోలు పంపేవాళ్ళుగా. ఇదీ అదే, ఆటో ఒక్కటే తక్కువ.

బాబాయ్: ఆటో ఎక్కించినవాడు ఓటేస్తే మనకి ఒకటి పెరుగుతుంది. అవతలివాడు ఇటు వస్తే వాళ్ళకి ఒకటి తగ్గి మనకి ఒకటి పెరుగుతుంది. తేడా రెండు. లెక్క తెలిసినవాడు ఎవడి వెంట పడాలి? నేనుండే ఈ మకోంబ్‌నే తీసుకో. 2008లో ఒబామా గెలిచాడు, 2012లోనూ గెలిచాడు. 2016కి వచ్చేసరికి ట్రంప్‌కి ఇక్కడ 48 వేల మెజారిటీ. రాష్ట్రం మొత్తం మీద ఆయన గెలిచింది 10,704 ఓట్లతోనే. అంటే మిషిగన్‌ని తిప్పింది మా వీధుల్లోవాళ్ళే. ఒబామాకి రెండుసార్లు వేసిన చేతులే అవి.

మాధవి: ఆ ఏడాదే మా వేన్ కౌంటీ సంగతి చూడు. డెట్రాయిట్ మాదే. 2012లో ఒబామాకి వచ్చినవాటి కన్నా, ట్రంప్ మీద నిలబడ్డ హిలరీ క్లింటన్‌కి దాదాపు 76 వేల ఓట్లు తక్కువ పడ్డాయి. అవన్నీ ట్రంప్‌కి పోలేదు బాబాయ్, చాలామంది ఇల్లు కదల్లేదు. వాళ్ళలో ఏడో వంతు మంది లేచి వచ్చుంటే మీ మకోంబ్ ఎటు తిరిగినా ఒకటే అయ్యేది.

(ఇద్దరి అంకెలూ నిజమే. ఎనిమిదేళ్ళుగా మిషిగన్‌లో ఈ వాదన ఇలాగే నడుస్తోంది. ఎవరు ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీదే తప్పో, గొప్పో.)

బాబాయ్: ఇల్లు కదలనివాడు నీవాడేనని నీకెలా తెలుసు?

మాధవి: కచ్చితంగా తెలియదు, అంచనాయే. మిషిగన్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ చెప్పక్కర్లేదు. ఓటు వేశారా లేదా అన్నది రికార్డులో ఉంటుంది, ఎవరికి వేశారన్నది ఉండదు. వయసు, వీధి, ఇంకా ఏవేవో చూసి మావైపు ఎంత మొగ్గో కంప్యూటర్ సున్నా నుంచి వంద దాకా మార్కులు వేస్తుంది. నీకు నడిమధ్య మార్కులు వచ్చినట్టున్నాయి.

బాబాయ్: అందుకేనా ఈ చెత్తంతా! (బల్ల మీది రంగురంగుల కార్డుల దొంతర చూపిస్తాడు.) నెల రోజుల్లో పోస్టు డబ్బాలో పడ్డవి. ఒకదాని ప్రకారం హారిస్ గెలిస్తే దేశం మునుగుతుంది, ఇంకోదాని ప్రకారం ట్రంప్ గెలిస్తే మునుగుతుంది. ఈ గోల పడలేక మొన్న ముందస్తు ఓటింగ్‌కి పోయి నా ఓటు వేసేసి వచ్చాను. స్టిక్కర్ కూడా ఇచ్చారు. అదిగో ఫ్రిజ్ మీద, చొక్కా చింపుకుని అరుస్తున్న తోడేలు మనిషి.

మాధవి: చూశావా, ఇన్ని కార్డులు పంపినా నువ్వు మారలేదు. జోషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ అని ఇద్దరు పరిశోధకులు 49 ప్రయోగాలు కలిపి చూసి 2018లో తేల్చింది ఇదే. అధ్యక్ష ఎన్నికలాంటి అసలు పోటీలో కార్డులు, ఫోన్లు, ప్రకటనలు, తలుపు తట్టడాలు ఎవరికి వేయాలన్నదాన్ని సగటున ఏమీ మార్చవు. సున్నా.

బాబాయ్: ఆ ఇద్దరే 2016లో మయామీ సంగతి రాశారు, అది చెప్పవేం? గుమ్మం దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి, ఎదుటిమనిషి చెప్పేది విని, తమ అనుభవం చెప్పుకుంటే ట్రాన్స్‌జెండర్ల మీద జనానికున్న చిన్నచూపు తగ్గింది. మూడు నెలల తర్వాత అడిగినా ఆ మార్పు నిలిచే ఉంది.

మాధవి: అక్కడ అడిగింది ఓటు కాదుగా! పైగా తలుపుకి పది నిమిషాలా? మాకు రెండు నిమిషాలు దొరికితే పండగ. జనాన్ని ఇంట్లోంచి కదపడానికి ఏం పని చేస్తుందో మాత్రం మన మిషిగన్‌లోనే తేలింది. 2006 ఆగస్టు ప్రైమరీ, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నిక, ముందు కొన్ని ఇళ్ళకి ఉత్తరాలు పంపారు. మీ వీధిలో పోయినసారి ఎవరు ఓటేశారో, ఎవరు వేయలేదో పేర్లతో సహా రాసి, ఎన్నిక అయ్యాక మళ్ళీ ఇలాంటి జాబితా పంపిస్తాం అన్నారు. ఉత్తరం రాని ఇళ్ళలో నూటికి 30 మంది ఓటేస్తే, వచ్చిన ఇళ్ళలో 38 మంది వేశారు.

బాబాయ్: (నవ్వి) నలుగురూ ఏమనుకుంటారోనని! మా అమ్మ బతుకంతా ఈ సూత్రం మీదే నడిచింది, ఆవిడకి ప్రయోగం అక్కర్లేకపోయింది.

మాధవి: నవ్వకు. మావాళ్ళు నీ సిద్ధాంతాన్నే పట్టుకుని, అటువైపువాళ్ళని తిప్పుదామని రిపబ్లికన్ లిజ్ చెనీని వెంటేసుకున్నారు. పోయిన నెల రాయల్ ఓక్‌లో హారిస్ పక్కన కూర్చోబెట్టారు. ఇరాక్ యుద్ధం నాటి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ కూతురు ఆవిడ. గాజా చూసి కడుపు మండుతున్న, మా కౌంటీలోని డియర్‌బోర్న్ ఊరి అరబ్బులకి ఆ ఇంటి పేరు ఎలా వినిపిస్తుంది? ఫిబ్రవరి ప్రైమరీలో బైడెన్ మీద నిరసనగా 'ఎవరికీ కాదు' అన్న గడి నింపినవాళ్ళు లక్ష మంది పైనే.

(రెండు రోజుల తర్వాత డియర్‌బోర్న్‌లో ట్రంప్ మొదట, హారిస్ రెండో స్థానం. రాష్ట్రం 80 వేల తేడాతో ట్రంప్‌దే. మాధవి ఒప్పు అనుకుందామంటే, డియర్‌బోర్న్‌లో పార్టీ మారినవాళ్ళూ ఉన్నారు. అది బాబాయ్ లెక్కలోకి వస్తుంది.)

బాబాయ్: ఆ లక్ష మందీ బద్ధకస్తులు కాదమ్మా. చలిలో వచ్చి మరీ 'కాదు' అని చెప్పిపోయారు. వాళ్ళకి కావలసింది ఆటో కాదు, జవాబు. అంతెందుకు, 2016లో ఈ రాష్ట్రంలో 75 వేలకి పైగా బ్యాలెట్లలో అధ్యక్షుడి గడి ఖాళీ. లైన్లో నిలబడి, పెన్ను పట్టుకుని, మిగతావి నింపి అదొక్కటీ వదిలేశారు. నీ ఆటో సిద్ధాంతం వాళ్ళనేం చేస్తుంది? వాళ్ళు ఆటో దిగి లోపలికి కూడా వచ్చారాయె. వాళ్ళెవరో, ఎందుకలా చేశారో ఏ కంప్యూటరూ చెప్పలేదు.

పిన్ని: (వంటింట్లోంచి) అందులో నేనొకదాన్ని.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

బాబాయ్: నువ్వా? కార్లో నా పక్కనే కూర్చుని వచ్చావుగా, ఎప్పుడూ చెప్పలేదేం?

పిన్ని: నువ్వు అడగలేదు. దారి పొడుగునా ఆ ఇద్దరిలో ఎవరు మేలో నువ్వే చెబుతూ వచ్చావు. ఆయన నోరు నచ్చలేదు, ఆవిడ మీద నమ్మకం కుదరలేదు. స్కూల్ బోర్డు దాకా అన్నీ శ్రద్ధగా నింపాను.

మాధవి: (ఫోన్లో వెతుకుతూ) పిన్నీ, నువ్వు నా లిస్టులోనే ఉన్నావు! ఇంకా ఓటేయలేదు కాబట్టి నీ పేరు పోలేదు. నీకు 80 మార్కులు వేసింది, మావైపేనట. 2016లో ఓటేశారని రికార్డు కూడా ఉంది.

పిన్ని: వేశానుగా మరి.

బాబాయ్: అడుగు తల్లీ, అడుగు. మయామీలోలాగా పది నిమిషాలు.

మాధవి: పిన్నీ... ఈసారి ఏమనుకుంటున్నావు?

పిన్ని: సరుకుల బిల్లు నేను కడతాను కాబట్టి ఒకలా అనిపిస్తుంది. రేపు నా కూతురికి కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో ఏదైనా ఇబ్బంది వస్తే డాక్టర్ గర్భస్రావం చట్టం పుస్తకం చూస్తాడా అని ఇంకోలా అనిపిస్తుంది. మంగళవారం దాకా టైముందిగా.

మాధవి: అలా కాదు పిన్నీ, ఏదో ఒక బటన్ నొక్కాలి. తేల్చుకోలేదని కొడితే రేపు ఇంకొకరు వచ్చి మళ్ళీ తలుపు తడతారు.

పిన్ని: అయితే ఇంట్లో లేరని కొట్టు. పోపు మాడుతోంది.