సవరణ: పెళ్లికి ఒప్పుకోకపోవడమే నేరం కాదు

ప్రేమజంటలో ఒకరు ప్రాణం తీసుకుంటే, పెళ్లికి ఒప్పుకోని తల్లిదండ్రులకు జైలు తప్పదని మొన్న రాశాను. అది తప్పు. విశాఖ కోర్టులో ప్రాక్టీస్ చేసే లాయరుగారొకరు చెప్పాక తీర్పు చదివాను. ఒప్పుకోకపోవడం ఒక్కటే ఆత్మహత్యకు ప్రేరేపించడం కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆత్మహత్యకు ప్రేరేపిస్తే, నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద 10 ఏళ్ల వరకు శిక్ష ఉంది, కానీ ఉసిగొల్పినట్టో, సాయపడినట్టో రుజువు కావాలి.

అలాగని పిల్లల్ని కొట్టి గదిలో పెట్టే హక్కు ఎవరికీ లేదు. మేజర్ల పెళ్లికి ఇంటివాళ్ల అనుమతి అక్కర్లేదని అదే కోర్టు 2018లో చెప్పింది.

నా పోస్టు చదివి గాజువాకలో బిడ్డను పోగొట్టుకున్న ఒకమ్మ రాత్రంతా నిద్రపోలేదట. ఆవిడకి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాను. మనసు బాగోలేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.