ఆ గొట్టం సంక్రాంతికి వద్దు

మొన్న మన సంఘం దీపావళి సంబరాల్లో, హైస్కూలు పార్కింగ్ లాట్‌లో మనవాళ్ళు పేల్చిన, ఊళ్ళో కోతుల్ని తోలే ప్లాస్టిక్ గొట్టం చప్పుడు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు. "మా కోనసీమ కోతుల తుపాకీ" అని మైకులో చెప్పి మరీ పేల్చారు. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఇక్కడ అమెరికాలో పుట్టిన మన పిల్లలు ఏడెనిమిది మంది మాత్రం ప్రసాదాల బల్ల కిందకి దూరి, తలమీద చేతులు పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. బడిలో తుపాకీ మోగితే అలా చెయ్యమనే వాళ్ళకి నేర్పారు. వాళ్ళని చూసి నవ్వినవాళ్ళున్నారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

"అల్లూరి తిరిగిన నేల మనది, చప్పుడుకి జడిస్తే ఎలాగండీ" అన్నారొక పెద్దాయన. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి అల్లూరి తుపాకులు పట్టుకెళ్ళింది తెల్లదొరతనం మీద పోరుకి. దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టకండి.

మాది అంబాజీపేట దగ్గర పల్లె. నా చిన్నప్పుడు చేలో పిట్టల్ని ఒడిసెలతో, డబ్బా వాయించి తోలేవాళ్ళం. దీపావళికి సిసింద్రీలు ఇంట్లోనే కూరి డాబా మీద ఎండబెట్టేవాళ్ళం. మందు కూరిన తాళంచెవి తుపాకీని అరుగుకేసి కొడితే వీధంతా మోగేది. చెయ్యి కాలని పిల్లాడు మా వీధిలో లేడు. అయినా ఆ మందు వాసన తలుచుకుంటే నాకు మా నాన్నమ్మే గుర్తొస్తుంది.

కోతులు తరవాత వచ్చాయి. లేత బొండాలు కొరికి పారేస్తుంటే మా బాబాయి ఏం చేస్తాడు? రోడ్డుపక్కన అమ్ముతుంటే ఈ గొట్టం కొన్నాడు. తోటలో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది. నాలుగేళ్ళ కిందట దీపావళికి అది పదకొండేళ్ళ మనవడి చేతికొచ్చింది. పేలలేదు. ఏమైందోనని వాడు లోపలికి కన్ను పెట్టి చూశాడు. అప్పుడు పేలింది.

ఆ గొట్టంలో వేసేది కార్బైడు. దానికి నీళ్ళు తగిలితే పుట్టేది ఎసిటిలీన్, వెల్డింగ్ షాపులో ఇనుమును కరిగించే వాయువు. మిగిలేది సున్నం. ఆ మంటా ఆ సున్నమూ కలిసి పసివాడి నల్లగుడ్డు మీద పడ్డాయి.

"బాబాయ్, నీళ్ళు పోసి కడిగారా?" అని ఫోన్‌లో అరిచాను.

"లేదురా, నీళ్ళు తగిలితే చీము పడుతుందన్నారు. చనుబాలు పిండించాం."

సున్నం పడ్డ కంటిని వెంటనే, ఆపకుండా, చాలాసేపు మంచినీళ్ళతో కడగాలి. ఆ ఒక్క ముక్క మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రేమ కొద్దీ చేసిందే ఆలస్యమైపోయింది. అమలాపురం నుంచి కాకినాడ పరుగెత్తారు. వాడి కుడికంటికి ఇప్పుడు వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తాయి.

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇవే గొట్టాలతో వందమందికి పైగా కళ్ళు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు, ఎక్కువమంది పిల్లలే. నాటు తుపాకీ తయారుచేస్తే మన దేశంలో 2019 సవరణ తరవాత కనీసం 7 ఏళ్ళ జైలు. దీన్ని మాత్రం బొమ్మ అంటున్నాం.

రైతు బాధ నాకు తెలుసు. కోతుల బెడదకి వేరే దారి చూపకుండా మా బాబాయిని తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ పార్కింగ్ లాట్‌లో మనకి ఏ కోతులున్నాయండీ?

జనవరిలో "మన గోదావరి" స్టాలు మళ్ళీ పెడతారట. పెట్టండి. గొబ్బెమ్మలు పెట్టిద్దాం, పూతరేకులు చుట్టిద్దాం, ఒడిసెల ఎలా తిప్పుతారో నేనే వచ్చి ఉత్తచేత్తో చూపిస్తాను. బల్ల కింద దాక్కున్న పిల్లల దగ్గరికి ముందుగా కమిటీ తరఫున ఎవరో ఒకరు వెళ్ళి, ఆ రోజు నవ్వినందుకు తప్పయిందని చెప్పండి. ఆ గొట్టం ఇంకా సంఘం స్టోరేజీలోనే ఉందని విన్నాను. తాళం నాకివ్వండి, ఈ శనివారమే తీసుకెళ్ళి ముక్కలు కోయించేస్తాను.