పసుపు నక్షత్రం అంటిస్తే హోలోకాస్ట్ అర్థమైపోతుందా?

మేముండే న్యూజెర్సీలో 1994 నుంచి స్కూళ్లలో హోలోకాస్ట్ గురించి, అంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీ జర్మనీ చేసిన యూదుల ఊచకోత గురించి చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. మంచి చట్టమే. కానీ ఎలా చెప్పాలో తెలియక కొందరు టీచర్లు చేసే పనులు వింటే ఒళ్లు మండుతుంది. ఒక స్కూల్లో, అప్పట్లో యూదుల్ని గుర్తుపట్టడానికి నాజీలు బలవంతంగా పెట్టించిన పసుపు నక్షత్రాల్లాంటివి పిల్లల చొక్కాలకి అంటించి, కొందరిని నాజీ గార్డుల్ని చేసి, మిగతావాళ్లని ఓ మూలకి నెట్టి "ఇప్పుడెలా ఉంది మీకు?" అని అడిగారట. ఎలా ఉంటుంది? గార్డు వేషం దొరికినవాడికి సరదాగా ఉంటుంది. బెల్లు కొట్టగానే లంచ్‌కి పరిగెత్తే పిల్లలకి, నాజీలు లక్షలమందిని చంపిన ఆష్విట్జ్ శిబిరం అనుభవం ఇచ్చేస్తామనుకోవడం ఏం ధైర్యమో! వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం కూడా ఇలాంటి అనుకరణలు వద్దనే టీచర్లకి చెబుతుంది.

దీనికి జవాబుగా "అసలు ఇంత ఘోరం మీద నాటకాలేమిటి" అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. 60 లక్షల మంది యూదుల్ని చంపారన్న వాక్యాన్ని పిల్లలు పరీక్షలో రాసేసి మర్చిపోతారు. ఒక్క మనిషి కథ అలా పోదు.

టెరెజీన్ సంగతే చూడండి. ప్రాగ్‌కి దగ్గర్లో నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన ఘెట్టో అది. అక్కడ బందీలుగా ఉన్న పిల్లలు 1943 సెప్టెంబర్ నుంచి 'బ్రుండిబార్' అనే పిల్లల ఒపెరా, అంటే పాటల నాటకం, 55 సార్లు ఆడారు. జబ్బుపడ్డ అమ్మకి పాలు కొనడానికి అన్నాచెల్లెళ్లు బజార్లో పాడబోతే, బ్రుండిబార్ అనే వాయిద్యగాడు తరిమేస్తాడు. కుక్క, పిల్లి, పిచ్చుక, ఊరి పిల్లలూ కలిసి వాడి పని పడతారు. అంతే కథ. 1944 జూన్‌లో రెడ్‌క్రాస్ బృందం వచ్చినప్పుడు, అంతా బాగున్నట్టు చూపించడానికి నాజీలు ఇదే ఒపెరాని వాడుకున్నారు. తర్వాత ఆ పిల్లల్లో చాలామందినీ, సంగీతం కట్టిన హాన్స్ క్రాసానీ ఆష్విట్జ్‌కి పంపి చంపేశారు.

పిల్లి వేషం వేసిన ఏలా వైస్‌బర్గర్ బతికి బయటపడ్డారు. 2018లో చనిపోయేదాకా, అమెరికాలో ఎక్కడెక్కడో పిల్లలు ఆ ఒపెరా వేస్తుంటే వెళ్లి, వాళ్లతో కలిసి పాడి, తన కథ చెప్పేవారు. ఆవిడ చెప్పిన ఒక మాట నన్ను వదలదు: స్టేజి మీద ఉన్నంతసేపూ పసుపు నక్షత్రం పెట్టుకోనక్కర్లేదట. అక్కడి పిల్లలకి నాటకం ఆ నక్షత్రాన్ని తీసేసే చోటు. మన టీచర్లు నాటకం పేరుతోనే దాన్ని అంటిస్తున్నారు!

ఇజ్రాయెల్‌లో మొదలై న్యూయార్క్‌కి కూడా వచ్చిన 'విట్‌నెస్ థియేటర్' పద్ధతి నాకు బాగా నచ్చింది. హైస్కూల్ పిల్లలూ, బతికి బయటపడ్డ పెద్దవాళ్లూ నెలల తరబడి వారం వారం కూర్చుని మాట్లాడుకుంటారు. చివర్లో ఆ కథల్ని పిల్లలు ఆడుతుంటే ఆ పెద్దవాళ్లూ స్టేజి మీదే ఉంటారు. నా లెక్కలో అసలు చదువు ఆ నెలల మాటల్లోనే అయిపోతుంది. ప్రదర్శన దాని తర్వాతి సంగతి.

అయితే ఆ పెద్దవాళ్లంతా ఇప్పుడు ఎనభైలూ తొంభైల్లో ఉన్నారు. వాళ్లు పోయాక ఏంటి? అలా బతికి బయటపడ్డ ఒకావిడ కథని ఆడుతూ నటి "నేనే ఆవిడని" అని ఏడ్చి చూపించడం నాకు ఇష్టం లేదు. మన బుర్రకథలో కథకుడు కాసేపు అల్లూరి అయి గర్జించి, మరుక్షణం కథకుడైపోయి "తర్వాతేమైందంటే" అంటాడు చూశారా, అలా చెప్పాలి. ఇవి ఆవిడ మాటలు, నేను మోసుకొచ్చాను అని చూసేవాళ్లకి తెలుస్తూనే ఉండాలి. గ్యాస్ చాంబర్ సెట్లూ, పొగ మెషీన్లూ ఏమీ అక్కర్లేదు.

జనవరి 27 హోలోకాస్ట్ స్మారక దినానికి మీ పిల్లల స్కూల్లో నాటకం వేస్తుంటే రెండు ప్రశ్నలు అడగండి. ఎవరి కథ, ఆ మనిషి పేరేంటి? స్క్రిప్టులో ఆ మనిషి సొంత మాటలు ఎన్ని ఉన్నాయి? పేరే లేదంటే, కాస్ట్యూమ్ డబ్బులు కట్టే ముందు టీచర్‌తో ఒకసారి మాట్లాడండి.