గడ్డలోంచి ముక్కే తీయనప్పుడు జన్యు పరీక్ష ఎట్లా?
కాలేయంలో గడ్డ ఏదైనా సరే, జన్యు పరీక్షతో రకం తేల్చాకే వైద్యం మొదలుపెట్టాలని ఒకరు రాశారు. అడినోమా, అంటే క్యాన్సర్ కాని ఒక రకం గడ్డ, దాని వరకు ఒప్పుకుంటాను. అందులో బీటా-కెటెనిన్ అనే జన్యువులో మార్పున్నది క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఎక్కువ, గడ్డ 5 సెంటీమీటర్లు లేకున్నా తీసేయమంటారు. హెచ్‌ఎన్‌ఎఫ్1ఎ అనే మరో జన్యువులో మార్పున్న రకానికి అంత భయం లేదు. సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవాళ్ల సంగతి వేరు. నర్సంపేటలో ఉండే మా పెద్దబాపుకు హెపటైటిస్-బి ముదిరి సిరోసిస్ అయింది. హన్మకొండలో నరానికి మందు ఎక్కించి సీటీ తీస్తే, గడ్డ మొదట తెల్లగా మెరిసి, కాసేపటికి చుట్టూ ఉన్న కాలేయం కన్నా నల్లబడింది. డాక్టర్ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తూ, క్యాన్సరేనని చెప్పడానికి ఇది చాలు, సూది గుచ్చక్కర్లేదు అన్నారు. ముక్కే లేకపోతే టీపీ53 లాంటి జన్యువుల్లో మార్పు ఎక్కడ వెతుకుతారు? ఆ పరీక్ష కోసం హైదరాబాద్ పోవాలేమోనని మేం రెండు వారాలు ఊరికే టెన్షన్ పడ్డాం.