చరిత్రలో ఈ రోజు: పొద్దున్నే నెగటివ్ వద్దు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నాలుగో అంతస్తు అంకుల్ ఒకాయన ఉన్నారు. బ్యాంకులో పెద్ద హోదాలో పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన మర్నాటి నుంచి ప్రపంచ చరిత్ర బాధ్యత తన భుజాన వేసుకున్నారు. రోజూ ఐదున్నరకి, పాల ప్యాకెట్ కంటే ముందే, ‘చరిత్రలో ఈ రోజు’ వచ్చి పడుతుంది. పైన సూర్యోదయం, కింద గులాబీ, మధ్యలో యుద్ధాలు. మీ గ్రూపులోనూ ఇలాంటి మనిషి ఒకరుంటారు కాబట్టి వర్ణనతో మీ టైమ్ తినను.

ఈ లిస్టుల పద్ధతి పెళ్లి భోజనాల బంతి లాంటిది. ఖాళీ కనబడ్డ చోటల్లా ఎవర్నో ఒకర్ని కూర్చోబెడతారు. పక్కవాడెవడో తెలీదు, ఎందుకొచ్చాడో తెలీదు, విస్తరి మాత్రం ఒకే వరసలో ఉంటుంది. దీని లోతు తెలుసుకుందామని ఒకసారి నేనే అడిగాను: “అంకుల్, 1582లో పోప్ గ్రెగరీ క్యాలెండర్ సరిచేసినప్పుడు ఇటలీలో, స్పెయిన్‌లో అక్టోబర్ 4 మర్నాడు నేరుగా అక్టోబర్ 15 వచ్చింది కదా, మధ్యలో పది తేదీలు అసలు లేనే లేవు కదా, మరి ఆ పది రోజులూ 1582 కింద ఏం వేస్తారు?” ఆయన చాలాసేపు ‘టైపింగ్’ అని కనబడి, చివరికి నమస్కారం ఎమోజీ పెట్టారు.

సెప్టెంబర్ 17 మాత్రం ఆయన చాకచక్యానికి గీటురాయి. 1948లో ఆ సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడి చేతులెత్తేశారు, ఆ మర్నాడు లాంఛనంగా లొంగుబాటు జరిగింది. అప్పట్నుంచి ఆ ఒక్క తేదీకి విమోచన అని ఒకరు, విలీనమని ఒకరు, సమైక్యత అని ఇంకొకరు, ఇప్పుడు ప్రజాపాలన అని మరొకరు పేరు పెట్టారు, ఏ పేరు రాసినా గ్రూపులోంచి నలుగురు వెళ్లిపోవడం ఖాయం. అందుకని అంకుల్ ఆ రోజు విశ్వకర్మ జయంతి శుభాకాంక్షలు చెప్పి ఊరుకుంటారు. బ్యాంకులో ఆయనకి ప్రమోషన్లు ఊరికే రాలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. 2025 సెప్టెంబర్ 28, ఆదివారం.

ఆ రోజు లిస్టు చాలా నిండుగా ఉంది. 1066లో నార్మండీ విలియం ఇంగ్లండ్ తీరంలో దిగాడు. 1542లో ఇంకెవరో కాలిఫోర్నియా తీరంలో దిగాడు. 1928లో ఫ్లెమింగ్ సెలవు నుంచి తిరిగొచ్చి ల్యాబులో బూజు పట్టిన పళ్లెం చూసి పెనిసిలిన్ కనిపెట్టాడు. (మా వంటింట్లో ఇడ్లీపిండి గిన్నె నెలకోసారి ఇదే ప్రయత్నం చేస్తుంది, గుర్తించేవాడు లేడు.) లతా మంగేష్కర్ పుట్టారు. భగత్ సింగ్ పుట్టారు, ముందురోజు లిస్టులో కూడా పుట్టారు, రెండు తేదీలూ చలామణిలో ఉన్నాయి కాబట్టి అంకుల్ రిస్క్ తీసుకోరు. 1895లో పారిస్ దగ్గర లూయీ పాశ్చర్ కన్నుమూశారు, సరిగ్గా అదే రోజు వినుకొండలో గుర్రం జాషువా పుట్టారు. ఈ చివరి రెండూ పక్కపక్కన పడేసరికి గ్రూపులో తికమక మొదలైంది. 302 వాళ్లు పాశ్చర్‌కి కేకు బొమ్మ పెట్టారు. 105 వాళ్లు జాషువాకి ‘ఓం శాంతి’ అన్నారు. ఆవిడెవరో రెండింటికీ కలిపి ‘హార్టీ కంగ్రాట్స్’ అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. పాశ్చర్ వర్ధంతి కాబట్టి ఆ రోజే ప్రపంచ రేబిస్ దినోత్సవం, ఆ ముక్క కూడా అంకుల్ లిస్టు చివర వేశారు. రేబిస్ అన్న మాట చూడగానే 201 సార్ లేచారు. రెండో అంతస్తు మేడం వీధికుక్కలకి పెరుగన్నం పెట్టడం వల్లే అవి గేటు దగ్గర కాపురం పెట్టాయని, మొన్న తన యాక్టివా సీటు కొరికాయని రాశారు. మేడం వెంటనే, మనుషుల కంటే కుక్కలు నయం అన్నారు. మనుషులంటే ఎవరు, పేరు చెప్పండి అని 201. నాకు పేర్లు చెప్పే అలవాటు లేదు, మెయింటెనెన్స్ కట్టని వాళ్లకి వాళ్లెవరో తెలుసు అని మేడం. ప్రెసిడెంట్ గారు దిగి ‘పండగ వాతావరణం చెడగొట్టకండి’ అంటూ బతుకమ్మ వీడియో పెట్టారు. అందులో మా మేడం పక్కనే 201 వాళ్ల ఆవిడ చప్పట్లు కొడుతూ కనబడేసరికి యుద్ధం ఇంటిలోపలికి పాకింది. గంటంబావు. డెబ్బై పైచిలుకు మెసేజులు. పాశ్చర్ ఇదంతా చూసుంటే ఆ కుక్కకాటు టీకా సంగతి ఇంకోసారి ఆలోచించుకునేవాడు.

ఇంత జరిగినా లిస్టులో ఒకటి లేదు. 1908 సెప్టెంబర్ 28. మన ఊరు హైదరాబాద్. మూసీ.

మతిమరుపని కూడా సరిపెట్టుకోలేం, ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం రాత్రి, గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాల గేట్లెత్తితే మూసీ వచ్చి ఎంజీబీఎస్ బస్టాండు ప్లాట్‌ఫామ్‌ల మీద కూర్చుంది. ప్రయాణికులు లోపలే చిక్కుకుపోయారు. ఆ వీడియో ఇదే గ్రూపులో కనీసం పదిసార్లు తిరిగింది. మా సెల్లార్లో మోకాళ్ల లోతు నీళ్లున్నాయి, మోటారు పెట్టి తోడుతున్నారు, ఆ చప్పుడు వింటూనే అంకుల్ విలియం పడవ దిగిన సంగతి పంపారు. నేను ఉండబట్టలేక నాలుగు లైన్లు రాశాను: ఇదే రోజు మూసీ పొంగి మన నగరం కొట్టుకుపోయింది అని.

అంకుల్ జవాబు వెంటనే వచ్చింది. “మంచి ఇన్ఫర్మేషన్ బాబూ. కానీ పొద్దున్నే నెగటివ్ పోస్టులు వద్దు.” కింద గులాబీ.

నెగటివ్ అట! దేశాన్ని ఆక్రమించడానికి ఒకడు సైన్యంతో పడవ దిగితే అది పాజిటివ్. మన ఊళ్లో పదిహేను వేల మంది దాకా నీళ్లల్లో పోతే నెగటివ్. పదిహేను వేలండీ! కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లముందే తల్లి పోయింది, భార్య పోయింది, కూతురు పోయింది, ఆయనొక్కడే బయటపడి మిగతా బతుకంతా రుబాయీలు, అంటే నాలుగు పాదాల ఉర్దూ పద్యాలు, రాసుకున్నాడు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రిలో ఇంకా ఉంది, ఆటో ఎక్కితే చూసి రావచ్చు. గ్రూపులో ఎంతమంది చూశారు? పోనీ అది ఆ ఒక్క రోజున ఆకాశం నుంచి ఊడిపడిన ఆపదా అంటే, కాదు. తర్వాత నిజాం పిలిపిస్తే వచ్చిన విశ్వేశ్వరయ్య లెక్క తీశారు: మూసీ పరీవాహకంలో 788 చెరువులు, అందులో 221 తెగాయి. పైచెరువు తెగి కిందిచెరువు మీద పడి, అది తెగి ఇంకోదాని మీద పడి, అన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. ఆ లెక్క చూసే 1920కి గండిపేట, 1927కి హిమాయత్ సాగర్ కట్టారు. మనమేం చేశాం? మిగిలిన చెరువుల్లో ప్లాట్లు వేసి, నాలా మీద స్లాబు పోసి, ఆ స్లాబు మీద పార్కింగ్ గీతలు గీసి, 2020 అక్టోబర్ 13 రాత్రి బండ్లగూడలో పల్లెచెరువు తెగి ఇంటి ముందు నిలబడ్డవాళ్లని నిలబడ్డట్టే లాక్కుపోతే, ‘అయ్యో’ అని ఏడుపు బొమ్మ పెట్టి పడుకున్నాం. మర్నాడు ఐదున్నరకి సూర్యోదయం బొమ్మ వచ్చింది.

క్షమించాలి, గొంతు పెరిగింది.

కిందికి వెళితే వాచ్‌మన్ మోటారు పైపు పట్టుకుని ఉన్నాడు. పక్కన స్తంభం మీద బొగ్గుతో గీసిన గీతలు నాలుగైదున్నాయి, ఒక్కో గీత పక్కన వంకర అంకెల్లో తేదీ. ఇదేంటని అడిగాను. “నీళ్లు ఎంత దాంక వచ్చినయో గీస్త సార్. ఇది మొన్నటిది. ఆ మీదిది కరోనా సాల్ది, బొడ్డు దాంక వచ్చినయ్. బండ్లు తీయుండ్రి అని చెప్తే ఎవ్వరు నమ్మరు గదా, గీత చూపిస్త.” నేను ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. గంటలో ప్రెసిడెంట్ గారు స్పందించారు: కామన్ ఏరియా గోడలు, స్తంభాలు పాడుచేయరాదు, దసరా లోపు సెల్లార్‌కి పెయింటింగ్ చేయిస్తాం, ఫ్లాటుకి ఎనిమిది వందలు.

అక్టోబర్ 1 పొద్దున్న ఐదున్నరకి లిస్టు వచ్చింది. 1949: చైనాలో మావో ప్రకటన. 1953: కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం. 2025: మన సెల్లార్ పెయింటింగ్ విజయవంతంగా పూర్తి. దాంతోపాటు తెల్లగా మెరిసిపోతున్న స్తంభం ఫోటో, కింద గులాబీ.